పెద్ద స్మోకర్ కొనాలా? అరవై మందికి సరిపోయేది ఎలా ఎంచుకోవాలి

ఏప్రిల్ చివరికి వచ్చేసరికి నాకు ఇదే ఫోన్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. "అన్నా, పిల్లాడి గ్రాడ్యుయేషన్ పార్టీ, అరవై మంది దాకా వస్తారు, ఉన్న స్మోకర్ చాలేలా లేదు, పెద్దది ఏం కొనమంటావు?" స్మోకర్ అంటే పొగతో మాంసాన్ని నిదానంగా వండే పొయ్యి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో చాలామంది చిన్న పెల్లెట్ గ్రిల్‌తోనో (చెక్క గుళికలతో మండేది) గుండ్రటి బొగ్గుల స్మోకర్‌తోనో మొదలుపెట్టారు, చెయ్యి తిరిగింది, ఇప్పుడు పార్టీలన్నీ వాళ్ళింట్లోనే జరుగుతున్నాయి. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను చెప్పేదాంట్లో అసలు విషయం ఇది: పెట్టె మీద రాసిన చదరపు అంగుళాలు చూసి స్మోకర్ కొనకండి. జాలీ మీద ఒకే సమయంలో ఎంత మాంసం ఉండాలి, తెల్లవారుజామున మూడింటికి మంట దగ్గర ఎవరు కూర్చుంటారు, ఈ రెండిటికీ జవాబు తేలితే ఏది కొనాలో దానంతటదే తేలిపోతుంది. ఇక్కడ గ్రేట్ అనేదాన్ని నేను జాలీ అంటున్నాను, మాంసం పెట్టే ఇనుప చట్రం.

కొనడానికి వెళ్ళే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కొలిచే టేపు, ఒక నోట్‌బుక్
- పాత అట్టపెట్టెలు రెండు మూడు, కత్తెర
- మంచి టార్చ్‌లైట్, ఒక స్క్రూడ్రైవర్
- తీగ ఉన్న ప్రోబ్ థర్మామీటర్లు (మాంసంలో గుచ్చి వేడి చూసేవి) కనీసం రెండు
- ట్రైలర్ మీద ఉన్నది కొనే ఉద్దేశం ఉంటే మీ బండి యజమాని పుస్తకం, ఎంత బరువు లాగగలదో అందులో రాసి ఉంటుంది
- చౌక రకం తెల్ల బ్రెడ్ రెండు ప్యాకెట్లు, ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను

1. ముందు మనుషుల్ని లెక్కపెట్టండి, తర్వాత మాంసాన్ని

అమెరికన్ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి తలా అర పౌండు వండిన మాంసం వేసుకుంటారు. మన పార్టీల్లో అంత పట్టదు, ఎందుకంటే పక్కన బిర్యానీ ఉంటుంది, పప్పు ఉంటుంది, ఎవరో ఒకరు గుత్తి వంకాయ తెస్తారు. నేను పెద్దవాళ్ళకి 150 గ్రాములు, పిల్లలకి 75 గ్రాములు ఎముక లేకుండా వండిన మాంసం వేసుకుంటాను. బార్బెక్యూ ఒక్కటే భోజనం అయితే మాత్రం పెద్దవాళ్ళకి 225 గ్రాములకి పెంచండి.

అరవై మందిలో 45 మంది పెద్దలు, 15 మంది పిల్లలు అనుకుందాం. సుమారు 8 కిలోలు వండినది కావాలి. కొవ్వు తీసేశాక, ఎముక పోయాక, నీరు ఇగిరిపోయాక పచ్చి మాంసంలో దాదాపు సగమే మిగులుతుంది, బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) అయినా ఎముకతో ఉన్న మేక తొడ అయినా అంతే. అంటే 16 కిలోల పచ్చి మాంసం, ఇక్కడి తూకంలో 35 పౌండ్లు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 18 పౌండ్లు కొని "సరిపోతుందిలే" అనుకుంటారు, ఆఖరి పంక్తిలో కూర్చున్నవాళ్ళకి పులుసు మిగులుతుంది.

2. అట్టముక్కలతో జాలీ లెక్క తేల్చండి

కాగితం మీద లెక్కకంటే ఇది నమ్మకం. మీరు మామూలుగా కొనే ముక్కల సైజులో అట్టలు కత్తిరించండి, ప్రతి ముక్క చుట్టూ పొగ తిరగడానికి ఒక అంగుళం అదనంగా వదలండి. నా కొలతలు ఇవి, మీ మాంసం కొట్టులో ముక్క వేరేగా ఉంటే మార్చుకోండి:

- చికెన్ లెగ్ క్వార్టర్ (తొడ, కాలు కలిసి ఉన్న ముక్క): 50 చదరపు అంగుళాలు
- ఎముకతో మేక తొడ, సుమారు 5 పౌండ్లది: 130 చదరపు అంగుళాలు
- పూర్తి బ్రిస్కెట్, 14 పౌండ్ల లోపుది: 250 చదరపు అంగుళాలు

మనవాళ్ళలో బీఫ్ తిననివాళ్ళు, పోర్క్ తిననివాళ్ళు ఇద్దరూ ఉంటారు కాబట్టి నేను ఎక్కువగా చికెన్, మేక తొడలే చేస్తాను. 24 లెగ్ క్వార్టర్లకి 1200, మూడు తొడలకి 390, మొత్తం 1600 చదరపు అంగుళాలు దగ్గరకి వచ్చింది. ఇక్కడ చాలామంది కంగారుపడి ట్రైలర్ స్మోకర్ల ధరలు వెతకడం మొదలుపెడతారు.

ఆగండి. అన్నీ ఒకేసారి జాలీ మీద ఉండాల్సిన పని లేదు. మేక తొడలు 5, 6 గంటలు పడతాయి. చికెన్ 275 నుంచి 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటల్లోపే అయిపోతుంది. తొడలు పొద్దున్నే పెట్టి, అయ్యాక తీసి ఐస్ చెస్ట్‌లో వేడిగా దాచి, ఆ జాగాలో చికెన్ పెడితే ఎక్కువలో ఎక్కువ ఒక్కసారి కావలసింది 1200 మాత్రమే. దానికి పాతిక శాతం కలపండి, ఎందుకంటే ఏ స్మోకర్‌లోనైనా నిప్పుకి దగ్గరి మూల మాంసం పెట్టడానికి పనికిరాదు. 1500 చదరపు అంగుళాలు. మీరు వెతకాల్సిన సైజు అది. చికెన్ రెండు వాయిల్లో వేయడానికి ఓపిక ఉంటే అంతకంటే చిన్నది కూడా నడుస్తుంది.

పోల్చుకోవడానికి ఒక మాట: 22 అంగుళాల వెబర్ స్మోకీ మౌంటెన్ అనే గుండ్రటి బొగ్గుల స్మోకర్‌లో రెండు జాలీలూ కలిపి 726 చదరపు అంగుళాలు, 18 అంగుళాల దానిలో 481. మీ దగ్గర ఇప్పటికే 22 ఉంటే, అలాంటిదే ఇంకొకటి కొంటే పని అయిపోతుందేమో చూడండి. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, పెద్దది కొనాలని మనసులో పడిపోయి ఉంటుంది కదా. కానీ రెండు మధ్యరకం స్మోకర్లకి గొప్ప సౌకర్యం ఉంది. ఒకదాన్ని 250 దగ్గర తొడలకి, ఇంకోదాన్ని 300 దగ్గర చికెన్‌కి నడపొచ్చు, నలుగురే తినే రోజున ఒక్కటే వెలిగించుకోవచ్చు.

హెచ్చరిక: కంపెనీవాళ్ళు రాసే లెక్కలో పై అరలు, మడత అరలు అన్నీ కలిపేస్తారు. టేపు పెట్టి పొడవు, వెడల్పు మీరే కొలవండి, అర మీద అర మధ్య ఎత్తు కూడా కొలవండి. నాలుగు అంగుళాలే సందు ఉంటే అక్కడ చికెన్ ముక్క పడుతుంది, బ్రిస్కెట్ పట్టదు.

3. మంట దగ్గర కూర్చునేది ఎవరో తేల్చుకోండి

ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన విషయం ఇదే. మనిషి ఓపిక మీద స్మోకర్ రకం ఆధారపడి ఉంటుంది.

*ఆఫ్‌సెట్.* పక్కన నిప్పుల పెట్టె, మధ్యలో మాంసం గది, అవతల చిమ్నీ. టెక్సస్ రుచి అని అందరూ చెప్పుకునేది దీని నుంచే వస్తుంది. ఆస్టిన్‌లో పేరున్న బార్బెక్యూ వంటవాడు ఆరన్ ఫ్రాంక్లిన్ వెయ్యి గాలన్ల ప్రొపేన్ ట్యాంకుల్ని ఆఫ్‌సెట్లుగా మార్చి వాడడం చూసి చాలామంది దీని మీద మనసు పారేసుకున్నారు. రుచి విషయంలో నాదీ అదే ఓటు. కానీ దీనికి అరగంట నుంచి ముప్పావుగంటకి ఒక కట్టె వేస్తూ ఉండాలి. పన్నెండు గంటల వంట అంటే పదహారు నుంచి ఇరవై నాలుగు సార్లు లేవాలి. మీతో కూర్చోవడానికి ఇంకొకరు ఉంటేనే తీసుకోండి. ఇంటి వాడకానికి 250 గాలన్ల ట్యాంకుతో చేసినది చాలు, అది సుమారు 30 అంగుళాల వ్యాసం ఉంటుంది. 500 గాలన్లది దాదాపు పది అడుగుల పొడవు ఉంటుంది, అది వ్యాపారం చేసేవాళ్ళకి.

ఇందులోనే రివర్స్ ఫ్లో అని ఒకటి ఉంది. వేడి ఒక ఇనుప పలక కింద నుంచి అవతలికి వెళ్ళి, మాంసం మీదుగా వెనక్కి వచ్చి, నిప్పుల పెట్టె వైపే ఉన్న చిమ్నీలోంచి బయటికి పోతుంది. ఈ చివర, ఆ చివర వేడి తేడా తక్కువ. వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. పెద్ద మొత్తంలో మొదటిసారి చేసేవాళ్ళకి ఇది సులువు అని నా నమ్మకం.

*పెల్లెట్.* చెక్కపొట్టుతో చేసిన గుళికల్ని మోటారు తనే నిప్పులోకి తోస్తుంది, మీరు వేడి సెట్ చేసి పడుకోవచ్చు. ఈ పద్ధతిని 1980ల్లో ఆరెగన్‌లో జో ట్రేగర్ మొదలుపెట్టాడు. రాత్రి ఒంటరిగా వండేవాళ్ళకి, పొద్దున ఆఫీసు కాల్స్ ఉన్నవాళ్ళకి, పసిపిల్లలున్న ఇంటికి నేను ఇదే చెబుతాను. పొగ రుచి ఆఫ్‌సెట్ అంత గాఢంగా ఉండదు, కానీ మన మసాలా పట్టించిన చికెన్‌కి అది లోటుగా అనిపించదు. కరెంటు తప్పనిసరి. గుళికలు తడిస్తే ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటాయి, వానలో వదిలేయకండి. ప్రతి పెద్ద వంటకీ ముందు బూడిద ఊడ్చి, కారిన కొవ్వు గీకేయండి. అరవై మంది చికెన్ కొవ్వు ఒకేసారి కారుతుంది, పాత కొవ్వు పేరుకుని ఉంటే అంటుకుంటుంది.

*నిలువు పెట్టె, గోడల్లో ఇన్సులేషన్ ఉన్నది.* కింద బొగ్గులు, పైన నీళ్ళ పళ్ళెం, దాని పైన అరలు. తక్కువ జాగాలో ఎక్కువ మాంసం పడుతుంది, చలికాలంలో కూడా వేడి నిలుస్తుంది, కొన్ని గంటలపాటు పెద్దగా ముట్టుకోనక్కర్లేదు. పెరడు చిన్నదైన టౌన్‌హోమ్ వాళ్ళు దీన్ని గట్టిగా ఆలోచించాలి. కింద అర, పై అర మధ్య వేడి తేడా ఉంటుంది, అరలు మధ్యలో మార్చుకోవాలి.

*డ్రమ్.* 55 గాలన్ల పీపా, 22 అంగుళాల పైచిలుకు వ్యాసం. ఒక జాలీకి 400 చదరపు అంగుళాలు వస్తుంది. డబ్బు తక్కువ, చికెన్ అద్భుతం, ఎందుకంటే కారిన కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి ఆ వాసన మాంసానికి పడుతుంది. రెండు డ్రమ్ములు, ఒక్కోదానిలో రెండు జాలీలు పెట్టుకుంటే మన అరవై మంది లెక్క తీరిపోతుంది. పాత పీపా తెచ్చి చేసుకోవాలంటే ఇంతకుముందు తినే వస్తువు తప్ప ఇంకేమీ పోయనిదే తీసుకోండి.

మాంసం గుండ్రంగా తిరిగే రొటిసరీ రకాలు, డాలస్ పక్కనే ఉన్న మెస్కీట్‌లో తయారయ్యే ఆయ్లర్ లాంటివి, రెస్టారెంట్ల కోసం. ఇంటికి వద్దు.

ఇంకా తేలకపోతే ఒక శనివారం పొద్దున టెక్సస్‌లోనే ఉన్న లెక్సింగ్టన్‌లో స్నోస్ బార్బెక్యూకి వెళ్ళి రండి. శనివారమే తెరుస్తారు, పొయ్యిలన్నీ కళ్ళెదుట ఉంటాయి. బ్రిస్కెట్ ఆఫ్‌సెట్‌లో, చికెన్ నిప్పుల మీద నేరుగా, రెండు వేర్వేరు పద్ధతుల్లో చేయడం చూస్తే ఒకే స్మోకర్ అన్నిటికీ సరిపోవాలన్న పట్టుదల మీకే తగ్గుతుంది.

4. పెట్టే చోటు కొలవండి

గేటు వెడల్పు కొలవండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ 36 అంగుళాల గేటు ముందు 40 అంగుళాల స్మోకర్ దించుకుని కంచె పలకలు విప్పినవాళ్ళని నేను చూశాను. పావు అంగుళం ఇనుము చదరపు అడుగుకి పది పౌన్లకి పైనే తూగుతుంది, కాబట్టి మట్టి మీద కాదు, కాంక్రీటు మీదే నిలబెట్టాలి. చెక్క డెక్ మీద అసలు వద్దు.

ఇంటి గోడకి, కంచెకి, చెట్టు కొమ్మలకి కనీసం పది అడుగులు ఎడం ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు బాల్కనీలో బొగ్గుల పొయ్యి వెలిగించడం చాలాచోట్ల ఫైర్ కోడ్ ప్రకారమే నిషేధం, లీజు ఒకసారి చదవండి. మీ కాలనీకి హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే ట్రైలర్ డ్రైవ్‌వేలో పెట్టనిస్తారో లేదో కొనకముందే మెయిల్ రాసి జవాబు తీసుకోండి. ఎండాకాలంలో మీ కౌంటీలో బర్న్ బ్యాన్ (బయట మంట పెట్టకూడదన్న నిషేధం) ఉంటే అందులో వంట మంటలకి ఏమి రాశారో చదవండి.

వాన వస్తోందని గరాజ్‌లోకి తోసి, తలుపు తెరిచే ఉంది కదా అని వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. దీనికి మినహాయింపు లేదు. వానకి పైన కప్పు కావాలంటే నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్ కిందే పెట్టాలి, కాన్వాస్ గుడారం కూడా మంటకి దగ్గరలో ఉండకూడదు.

5. ఇనుము చూడండి, ముట్టుకోండి, తలుపు మూసి తెరవండి

నేను మొదట కొన్న పెద్ద స్మోకర్ పలుచటి రేకుది. చూడ్డానికి భారీగా ఉంది, ధర తక్కువ, ఇంకేం కావాలి అనుకున్నాను. కనుమ రోజున ముప్పై మందిని ఒంటిగంటకి రమ్మన్నాం. ఉత్తరపు గాలి వీస్తోంది, చలి. నేను ఎన్ని బొగ్గులు వేసినా మాంసం గదిలో వేడి 200 దాటలేదు, తలుపు సందుల్లోంచి పొగంతా బయటికే పోయింది, చికెన్ నాలుగింటికి అయింది. పిల్లలు అప్పటికే గారెలతో కడుపు నింపుకున్నారు. అంతమందికి వండేముందు ఒక్కసారి కూడా చల్లటి రోజున నిండుగా మాంసం పెట్టి చూడలేదు, అది నా తప్పు. ఆ రోజు నుంచి ఈ పరీక్షలు చేయకుండా నేను ఏదీ కొనలేదు:

- తలుపు అంచు దగ్గర మందం చూడండి. బొగ్గు, కట్టెలతో నడిచే పెద్ద ఆఫ్‌సెట్ అయితే పావు అంగుళం ఉండాలి, కనీసం నిప్పుల పెట్టె అయినా. పెల్లెట్, ఇన్సులేషన్ ఉన్న పెట్టెలకి ఈ నియమం వర్తించదు.
- ఒక కాగితం ముక్క సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి లాగండి. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేయండి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ పొగ కారుతుంది. కొంచెం కారితే వేడి తట్టుకునే పట్టీ (గాస్కెట్) అతికించి సరిచేయొచ్చు, తలుపే వంకరగా ఉంటే వదిలేయండి.
- సెకండ్ హ్యాండ్ అయితే చీకటి పడ్డాక వెళ్ళండి. లోపల టార్చ్ వెలిగించి తలుపు మూస్తే చిల్లులన్నీ వెలుగుతో కనబడతాయి.
- నిప్పుల పెట్టె అడుగుని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. పైపైన తుప్పు పర్వాలేదు, గీకి నూనె రాస్తే పోతుంది. లోపలికి దిగబడితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.
- కొవ్వు కారే గొట్టం ఉందా, దాని కింద బకెట్ పడుతుందా చూడండి.
- జాలీలకి జింక్ పూత ఉంటే మార్చేయండి. కాలితే దాని పొగ మంచిది కాదు.

పాత ప్రొపేన్ ట్యాంకు కొని మనమే కోసి స్మోకర్ చేద్దాం అనుకునే తమ్ముళ్ళకి గట్టిగా చెబుతున్నాను, ఇంట్లో ఆ పని పెట్టుకోకండి. ఖాళీ ట్యాంకులో కూడా గ్యాస్ మిగిలి ఉంటుంది, కోసేటప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ పని తెలిసిన వెల్డర్ చేతనే చేయించండి.

6. నెలకి ఎంత తింటుందో లెక్కవేయండి

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అన్నట్టు, పెద్ద స్మోకర్‌లో ఒక్క కోడి పెట్టినా నిండా పెట్టినా కట్టెలు దాదాపు అన్నే పడతాయి. పెల్లెట్ స్మోకర్ 250 దగ్గర గంటకి ఒకటి రెండు పౌన్ల గుళికలు తింటుంది, పెద్దది చలిలో ఇంకొంచెం. పన్నెండు గంటల వంటకి 20 పౌన్ల సంచి ఒకటి చాలదేమో అన్నట్టే ఉంటుంది, రెండో సంచి దగ్గర పెట్టుకోండి. ఆఫ్‌సెట్‌కైతే కట్టెలు పేర్చడానికి పైకప్పు ఉన్న చోటు కూడా కావాలి.

కట్టె గురించి మా నాయనమ్మకి తెలిసినంత నాకు ఇప్పటికీ తెలియదు. పచ్చి కట్టె పెడితే కళ్ళు మండి, కూరకి పొగ కంపు పట్టేది, ఆవిడ చేత్తో ఎత్తి చూసి పక్కన పడేసేది. ఇక్కడా అంతే. పోస్ట్ ఓక్, హికరీ, పెకాన్ ఏదైనా సరే, ఎండినది రెండు కలిపి కొడితే ఖణేల్‌మని మోగుతుంది, పచ్చిది దబ్బుమంటుంది. మెస్కీట్ కట్టె ఘాటు ఎక్కువ, గంటలకొద్దీ చేసే వంటకి వద్దు. పెయింట్ వేసిన చెక్క, పాత ప్యాలెట్ చెక్క ఎప్పుడూ వద్దు.

7. కొన్నాక మాంసం కంటే ముందు బ్రెడ్ పెట్టండి

ముందు లోపలంతా పలచగా వంటనూనె రాసి, 275 దగ్గర మూడు నాలుగు గంటలు ఖాళీగా కాల్చండి. తయారీలో అంటిన నూనెలు పోతాయి, ఇనుముకి నల్లటి పూత పడుతుంది, మన ఇనుప పెనం కొత్తలో పదును చేసినట్టే.

తర్వాత స్మోకర్‌ని 300కి తెచ్చి జాలీ మొత్తం మీద బ్రెడ్ ముక్కలు పరచండి. పది పన్నెండు నిమిషాలకి తెరిచి చూసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎక్కడ మాడిందో అక్కడ వేడి ఎక్కువ, ఎక్కడ తెల్లగా ఉందో అక్కడ తక్కువ. ఆ ఫొటోయే మీ స్మోకర్ పటం. మాడిన చోట మేక తొడ లావుగా ఉన్న వైపు పెట్టండి, తెల్లగా ఉన్న చోట చికెన్ పెట్టకండి.

మూతకి బిగించిన గడియారం లాంటి థర్మామీటర్‌ని నమ్మకండి, అది పై గాలి వేడి చూపిస్తుంది. మీ ప్రోబ్‌ని జాలీ ఎత్తులో, రెండు చివర్లా పెట్టండి. ప్రోబ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మరిగే నీళ్ళలో ముంచితే 212, ఐసు నిండిన నీళ్ళలో 32 చూపాలి. రెండు మూడు డిగ్రీల తేడా పర్వాలేదు.

8. పార్టీకి రెండు వారాల ముందు నిండా పెట్టి ఒకసారి వండండి

సగం పెట్టి చూస్తే తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం జాలీ నిండా ఒక్కసారి లోపలికి వెళ్తే వేడి యాభై డిగ్రీలు పడిపోవడం మామూలే. అప్పుడు టెన్షన్ పడి మంట రెట్టింపు చేస్తే గంట తర్వాత 350 దాటిపోతుంది. చేయాల్సింది ఏమిటంటే, మాంసం పెట్టకముందే అనుకున్నదానికంటే పాతిక ముప్పై డిగ్రీలు ఎక్కువకి తీసుకెళ్ళండి, లావు ముక్కలు ముందు పెట్టండి, పది నిమిషాలాగి మిగతావి పెట్టండి, తర్వాత అరగంట మూత ముట్టుకోకండి.

మాంసం పూర్తిగా కరిగి ఉండాలి, లోపల గడ్డ ఉంటే పెట్టకండి. పచ్చి చికెన్ ఎప్పుడూ కింది అరలోనే, పై అరలో పెడితే దాని నీళ్ళు కింది మాంసం మీద కారతాయి. శాకాహారుల పనీర్, మొక్కజొన్న ఉంటే వేరే గ్రిల్ వాడండి, అదే జాలీ తుడిచి పెట్టడం మర్యాద కాదు.

మేక మాంసంలో కొవ్వు తక్కువ. మూడు గంటలు పొగ పట్టాక ఎముకలు ఉడికించిన నీళ్ళు కొంచెం పోసి అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టేయండి, లేదంటే పీచు పీచుగా ఎండిపోతుంది. గొర్రె భుజం ముక్క దొరికితే ఇంకా సులువు.

అయిందో లేదో ఇలా చూడండి:

- చికెన్: 165 దగ్గర తినడానికి భద్రం, కానీ లెగ్ క్వార్టర్ 180 దగ్గరే మెత్తగా ఉంటుంది. ఎముకకి తగలకుండా గుచ్చండి, కనీసం నాలుగు ముక్కల్లో, అందులో ఒకటి చికెన్ పెట్టినవాటిలో వేడి అన్నిటికంటే తక్కువ ఉన్న చోటిది.
- మేక తొడ, బ్రిస్కెట్: 195 నుంచి 205 మధ్య. అంకె కంటే చేతికి తెలిసేది ముఖ్యం, ప్రోబ్ వెన్నలోకి దిగినట్టు దిగాలి.
- పొగ: చిమ్నీలోంచి పలచగా, నీలిగా రావాలి. తెల్లగా దట్టంగా వస్తుంటే గాలి చాలట్లేదు, గాలి ద్వారం తెరవండి. ఆ పొగలో రెండు గంటలుంటే మాంసం చేదెక్కుతుంది.

ముందుగా అయినవాటిని దాచడానికి ఐస్ చెస్ట్‌లో వేడినీళ్ళు పోసి అరగంట ఉంచి, పారబోసి, తువ్వాళ్ళలో చుట్టిన మాంసం పెట్టండి. అందులోనూ ఒక ప్రోబ్ ఉంచండి, 140 కిందికి పడకూడదు. వడ్డించాక బయట రెండు గంటలకి మించి ఉంచకండి, టెక్సస్ ఎండలో 90 దాటిన రోజయితే గంటే.

తరచూ వచ్చే తప్పులు ఇంకో రెండు ఉన్నాయి. చిమ్నీ మూసి వేడి ఆపాలని చూడడం ఒకటి, వేడిని కింది గాలి ద్వారంతోనే సరిచేయాలి, చిమ్నీ తెరిచే ఉంచాలి. రెండోది, ప్రతి పావుగంటకీ చుట్టాలు వచ్చి మూత ఎత్తి చూడడం. మూత దగ్గర ఒక కుర్చీ వేసుకుని మీరే కూర్చోండి.

ఈ ప్రయత్నంలో ఎన్ని కట్టెలు పట్టాయి, ఏ గంటకి ఏది అయింది నోట్‌బుక్‌లో రాసుకోండి, పార్టీ రోజున అదే చూసి అనుకున్న టైమ్ కంటే రెండు గంటలు ముందు మొదలుపెట్టండి. చల్లారాక బూడిదని మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, రెండు రోజులు అందులోనే ఉంచి తర్వాతే చెత్తలో వేయండి, పైకి చల్లగా కనబడిన బూడిదలో నిప్పు ఉంటుంది.